ఐర్లండ్ పల్లెలో చరిత్ర సంఘానికి పిలిచారు, మనం వెళ్లి ఏం చేస్తాం?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నని రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. మీరు రాస్‌కామన్ కౌంటీలో ఓ చిన్న ఊరికి వచ్చి ఏడాదిన్నర అయింది, నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం. పక్కింటి పెద్దావిడ తమ లోకల్ హిస్టరీ సొసైటీకి రమ్మని రెండుసార్లు పిలిచారు. ఐరిష్ భాష రాదు, నాలుగు తరాలుగా అక్కడే ఉన్నవాళ్ల మధ్య మన వల్ల ఏమవుతుంది, మొహమాటానికి పిలిచారేమో అని మీ అనుమానం. చందా ఎంతుంటుంది, ఎంత సమయం పడుతుంది అని కూడా అడిగారు.

మొహమాటానికి ఒకసారి పిలుస్తారు. రెండోసారి పిలిచారంటే మనిషి కావాలని అర్థం. నేను మేయో కౌంటీలో పదిహేడేళ్లుగా ఉంటున్నాను. మా ఊరి సంఘంలో పదకొండేళ్లుగా సభ్యుణ్ణి, అందులో ఆరేళ్లు కార్యదర్శిగా చేశాను. మొదటిరోజు వెళ్తే పారిష్ హాల్లో పద్నాలుగు మంది ఉన్నారు (పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ప్రాంతం). నాకప్పుడు నలభై ఒకటి, అయినా అందరిలోకీ చిన్నవాణ్ణి నేనే. ఇప్పటికీ పరిస్థితి పెద్దగా మారలేదు.

హిస్టరీ సొసైటీ అనగానే అద్దాల బీరువాలో పాత సామాను అనుకుంటాం. ఆ బీరువా ఉంటుంది. వెన్న చిలికే చెక్క పీపా, టర్ఫ్ (పొయ్యిలోకి వాడే చిత్తడి నేల మట్టి) కోసే పార, అమెరికా నుంచి వచ్చిన ఉత్తరాల కట్ట, 1950ల నాటి ఫుట్‌బాల్ జట్టు ఫొటో. వాటికో మనిషి ఎప్పుడూ ఉంటాడు, అది ఆయన రాజ్యం, జోలికి పోకండి. నేను చూసినంతలో అసలు పని పేర్లది. ఏ ఇంట్లో ఎవరుండేవారు, ఏ చేనుని ఏమని పిలిచేవారు, ఏ రాయి కింద ఎవరున్నారు. ఆ పేర్లు చెప్పేవాళ్లు పోయేలోగా వాటిని మళ్లీ నేలకి కట్టెయ్యడం.

ఇక్కడ ఈ పని ఊరివాళ్ల నెత్తిన ఎందుకు పడిందో తెలిస్తే వాళ్ల ఆరాటం అర్థమవుతుంది. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలుడులో, మంటల్లో పోయింది. వందల ఏళ్ల దస్త్రాలు బూడిదయ్యాయి. 1821 నుంచి 1851 వరకు తీసిన నాలుగు జనాభా లెక్కలు అక్కడే ఉండేవి, వాటిలో తునకలు తప్ప మిగల్లేదు. ఆ తర్వాతి లెక్కలైనా దక్కాయా అంటే అదీ లేదు. 1861, 1871 లెక్కల కాగితాల్ని పని అయిపోగానే ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గుజ్జు చేసేశారు. దాంతో ఇంటింటి వివరం పూర్తిగా దొరికే మొట్టమొదటి లెక్క 1901ది, దాని తర్వాత 1911ది. మధ్యలో 1845 నుంచి ఏడేళ్లు బంగాళదుంప తెగులు, మహా కరువు. పది లక్షల మంది దాకా చనిపోయారు, అంతకన్నా ఎక్కువమంది ఓడలెక్కారు. ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయిపోయిన ఆ కాలానికి, అంతకు ముందు ఆ గడపల్లో ఎవరున్నారో చెప్పే కాగితమే లేదన్నమాట.

కాబట్టి పక్కదారిన వెతుకుతారు. గ్రిఫిత్స్ వాల్యుయేషన్ అని ఒకటుంది. 1847 నుంచి 1864 దాకా పన్ను కోసం దేశమంతా తిరిగి, ఏ ఇంటివాడు ఎవరి భూమి ఎంత కౌలుకి చేస్తున్నాడో రాసిన జాబితా. ఇంటి యజమాని పేరే ఉంటుంది, పెళ్లాం బిడ్డలుండరు. అంతకుముందుది చర్చి పన్ను కోసం 1820లు, 30ల్లో రాసింది. ఇంకోటి నాకు భలే ఇష్టం. 1909 జనవరి నుంచి డెబ్బై నిండినవాళ్లకి పెన్షన్ మొదలైంది. ఇక్కడ అందరి పుట్టుకలూ నమోదు చెయ్యడం 1864లో గానీ మొదలవలేదు, మరి డెబ్బై నిండినట్టు రుజువేది? అందుకని 1841, 1851 లెక్కల్లో వెతికి చూడమని జనం అర్జీలు పెట్టుకున్నారు. వెతికినవాళ్లు దొరికిన వివరాల్ని ఆ ఫారాల మీద రాశారు. అసలు లెక్కలు కాలిపోయాయి, ఫారాలు మిగిలాయి. ముసలివాళ్లు వారానికి ఐదు షిల్లింగుల కోసం పెట్టుకున్న అర్జీలే ఇవాళ కొన్ని కుటుంబాలకి దిక్కు. రుజువు దొరకనివాళ్లని 1839 జనవరి 6 రాత్రి వచ్చిన పెద్దగాలి గుర్తుందా అని అడిగేవారట. మన దగ్గర దివిసీమ ఉప్పెన ఏడు పుట్టాడు అంటామే, అచ్చం అలాగే. 1901 లెక్కకీ 1911 లెక్కకీ మధ్య కొందరికి పదిహేనేళ్ల వయసు పెరిగిందేమిటా అని మీరు తల గోక్కుంటే, కారణం ఆ పెన్షనే.

1911 ఫారంలో ఇంకో గడి ఉంది. పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది బిడ్డలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని ఇల్లాలి గురించి అడిగింది. ఇంటర్నెట్లో మీ ఊరి పేరు కొట్టి ఆ గడి ఒక్కటీ ఇల్లిల్లూ చదవండి, ఉచితంగానే దొరుకుతుంది. నర్సుగా మీకు దాని అర్థం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ కాగితాలన్నిటికీ తాళంచెవి టౌన్‌ల్యాండ్. ఊరు కాదు, పారిష్ కాదు. పారిష్‌లో ముక్కలు ఈ టౌన్‌ల్యాండ్‌లు, దేశం మొత్తం మీద అరవై వేలకి పైనే ఉన్నాయి. కొన్ని పదెకరాలు, కొన్ని వందల ఎకరాలు. మీ ఇంటి చిరునామాలో మీరు పట్టించుకోకుండా వదిలేసే రెండో లైను అదే అయుండాలి. 1824లో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వే, అంటే ప్రభుత్వ పటాల శాఖ, ఇరవై ఏళ్లకి పైగా కష్టపడి మైలుకి ఆరంగుళాల లెక్కన దేశమంతా పటాలు గీసింది. అప్పుడు ఐరిష్ పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో ఇరికించారు. జాన్ ఓడోనోవన్ అనే పండితుడు ఊరూరా తిరిగి, ముసలివాళ్ల నోట ఆ పేరు ఎలా పలుకుతుందో విని రాసుకున్నాడు. ఎందుకంత శ్రమ అంటే, పటం మీద 'కిల్' అని ఉన్నది ఐరిష్ నోట 'కిల్' అయితే చర్చి, 'కొయిల్' అయితే అడవి. ఇంగ్లీషు రాతలో రెండూ ఒక్కటే. పలుకుబడి పోతే అర్థం పోయినట్టే.

మా తాతగారు ప్రకాశం జిల్లాలో కరణం. అడంగల్ చూడకుండానే ఏ సర్వే నంబరు ఎవరిదో చెప్పేవారు, కానీ నంబరు పలకడం నేనెప్పుడూ వినలేదు. పుట్టచేను, కొంగలమడి, రెడ్డిగారి దిబ్బ, ఇలాగే నడిచేది మాట. 1984లో కరణాల పదవులు రద్దయ్యాయి, ఆయనతోపాటు మా ఊరి చేల పేర్లు సగం పోయాయి. నేను గానీ మా నాన్న గానీ కూర్చుని రాసుకోలేదు. అది మనసులో ఉండబట్టే కాబోలు, మా సంఘంలో చేల పేర్ల పని మొదలెడదాం అన్నప్పుడు నేను ముందు చెయ్యెత్తాను. ఇక్కడ మీద్, లౌత్ కౌంటీల్లో ఊళ్లవాళ్లే పూనుకుని ఈ పని చేశారు. టౌన్‌ల్యాండ్ పేర్లు పటం మీద ఉంటాయి, చేల పేర్లు ఏ పటం మీదా ఉండవు. రైతు నాలుక మీద ఉంటాయి. రెండు చేలు కలిపి మధ్య గట్టు తీసేసిన రోజున ఒక పేరు చచ్చిపోతుంది.

పద్ధతి తేలికే. పెద్ద పటం ప్రింటు తీసి వంటింటి బల్ల మీద పరవాలి, రైతు చేతికి పెన్సిలివ్వాలి. టీ వస్తుంది, వద్దనకండి. 'గార్రీ' అంటే దుంపలు వేసే పెరడు, 'గోర్ట్' అంటే దున్నే చేను, 'మోనేర్' అంటే గడ్డి కోసే బీడు అని రెండు నెలల్లో మీకే పట్టుబడుతుంది. ఐరిష్ మాట్లాడటం మానేసి నూట యాభై ఏళ్లయిన ఊళ్లలో కూడా చేల పేర్లలో ఐరిష్ అలాగే కూర్చుని ఉంటుంది, పలికేవాళ్లకి అర్థం తెలియకపోయినా.

పరాయివాళ్లం మనమేం చేస్తాం అన్నారు కదా. ఒక సంగతి చెబుతాను. మా పక్క టౌన్‌ల్యాండ్‌లో ఒక చిన్న చెక్కని 'పౌండ్ ఫీల్డ్' అంటారు. ఎందుకని అడిగితే, ఎవరో పౌను డబ్బులకి కొన్నారేమో అని నవ్వేశారు. చిన్నప్పట్నుంచీ విన్న పేరు గనక వాళ్లకది వింతగా తోచదు. నాకు పౌండ్ అనగానే బందెలదొడ్డి గుర్తొచ్చింది. మొదటి ఆరంగుళాల పటం తీసి చూస్తే ఆ మూల చిన్న గడి గీసి పౌండ్ అని రాసే ఉంది! కౌలు కట్టని వాళ్ల పశువుల్ని దొరవారి మనుషులు తోలుకొచ్చి కట్టేసిన చోటు. ఆ ఇంటాయన మాట్లాడకుండా కాసేపు పటం చూసి, తన తాతగారు ఆవుల్ని ఆ చెక్కలో రాత్రిపూట ఎప్పుడూ ఉంచేవాడు కాదని చెప్పాడు. ఎందుకో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదట. తెలియనివాడు అడిగితే తప్పులేదు, అదే మన బలం. ఊరివాడు ఊరివాణ్ణి అడిగితే 'నీకు తెలీదా ఏంటి' అంటాడు.

మీరు ముందు చదవాల్సింది బడిపిల్లల సేకరణ. 1937 నుంచి 1939 దాకా ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ దాదాపు ఐదు వేల ప్రాథమిక బడుల్లో పెద్ద తరగతుల పిల్లలకి ఓ పని పెట్టింది. ఇంటికెళ్లి తాతల్ని, నాయనమ్మల్ని అడిగి రాసుకురండి అని. కరువు రోజులు, పసర్ల వైద్యం, పవిత్రమైన బావులు, దాచిన లంకెబిందెలు, వాన గుర్తులు, దెయ్యాలు. మొత్తం 7,40,000 పేజీలు తేలింది. ఇప్పుడు దూకస్ అనే వెబ్‌సైట్లో బడి పేరు మీద, ఊరి పేరు మీద వెతుక్కోవచ్చు. ఉత్తర ఐర్లండ్ ఆరు కౌంటీలు మాత్రం అందులో లేవు. ఆ పిల్లల చేతిరాతని చదివి టైపు చేసే పని స్వచ్ఛందంగా ఎవరైనా చెయ్యొచ్చు. రాత్రి డ్యూటీ దిగాక నిద్ర పట్టనప్పుడు నాలుగు పేజీలు చేసేవాళ్లు నాకు తెలుసు. పన్నెండేళ్ల పిల్ల పేరూ, ఆమెకి కథ చెప్పిన తాత పేరూ, వయసూ అక్కడే ఉంటాయి. ఆ పిల్లల్లో ఇంకా బతికున్నవాళ్లు ఒకరిద్దరు మీ చుట్టుపక్కల కూడా ఉండొచ్చు.

ఇక్కడ మీకొక గట్టి హెచ్చరిక. మీ నర్సింగ్ హోమ్‌లో తొంభై దాటినవాళ్లు మీకు కథలు చెబుతూనే ఉంటారు. అవి సంఘానికి తీసుకెళ్లకండి. డ్యూటీలో విన్నది రోగి రహస్యం కిందే లెక్క, ఎంత అందమైన కథైనా సరే. రికార్డు చెయ్యాలని ఉంటే ముందు మీ మేనేజర్‌తో, తర్వాత ఆ మనిషితో, ఇంటివాళ్లతో మాట్లాడి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుని, మీ సెలవు రోజున సంఘం తరఫున మరొకర్ని వెంటబెట్టుకుని వెళ్లండి. మతిమరపు జబ్బున్నవాళ్ల దగ్గర ఆ ఊసే వద్దు. దీనివల్ల ఉద్యోగం మీదకి తెచ్చుకున్నవాళ్లున్నారు.

రికార్డింగ్ విషయంలో నా తప్పు చెబుతాను, మీకు పనికొస్తుంది. ఎనభై తొమ్మిదేళ్ల ఒకాయన, టర్ఫ్ బాగ్‌లో (టర్ఫ్ కోసే చిత్తడి నేలలో) కూలీల పాటలు గంటసేపు పాడి వినిపించారు. ఫోన్లో పెట్టుకున్నాను. ఇంకెక్కడా దాచలేదు. పదిహేను రోజులకి ఆ ఫోను సింకులో పడింది. మళ్లీ వెళ్దాంలే అనుకుంటుండగానే ఫిబ్రవరిలో ఆయన పోయారు. వాళ్లమ్మాయి అంత్యక్రియల దగ్గర 'ఆ రికార్డింగ్ ఒకసారి వినిపిస్తారా' అని అడిగింది. అప్పట్నుంచి ఇంటికి చేరేలోపే రెండు చోట్లకి కాపీ, మరుసటి రోజు మూడోది. ఫైలు పేరులో తేదీ, టౌన్‌ల్యాండ్. ఇంకో మాట, వంటింట్లో గోడ గడియారం, కెటిల్, ఫ్రిజ్ మనకి వినపడవు, మైకుకి వినపడతాయి. కుక్కని మాత్రం బయటికి పంపమనకండి, ముసలాయన మూడ్ చెడుతుంది.

శ్మశానాల పని ఎండాకాలంలో ఉంటుంది, వెళ్లండి, సరదాగా ఉంటుంది. పాత రాళ్ల మీద అక్షరాలు కనపడట్లేదని ఇనుప బ్రష్షుతో గీకేవాళ్లు, సుద్ద రాసేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి ఆపండి. సాయంత్రం చీకటి పడ్డాక టార్చిని రాయి పక్కనుంచి వాలుగా పట్టుకుంటే చెరిగిపోయిన పేరు లేచి వస్తుంది. చాలా పాత శ్మశానాలు చట్టం కింద రక్షిత కట్టడాలు, గడ్డపార వెయ్యాలంటే ముందుగా నేషనల్ మాన్యుమెంట్స్ వాళ్లకి తెలియజేయాలి. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ పట్టుకుని పురావస్తువుల కోసం తిరగడం నేరం. 'కిలీన్' అనే చోట్లు కొన్ని చూపిస్తారు, పేరు లేని చిన్న రాళ్లుంటాయి. బాప్టిజం కాకముందే పోయిన పసిబిడ్డల్ని చర్చి నేలలో పెట్టనిచ్చేవారు కాదు, అక్కడ పూడ్చేవారు. ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఆ పని జరిగింది, అంటే తోబుట్టువులు ఇంకా బతికున్నారు. అక్కడ ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి.

పెట్టకూడనివి ఇంకా ఉన్నాయి. ఎవర్ని వెళ్లగొట్టిన భూమి ఎవరు తీసుకున్నారన్నది ఇక్కడ నూట నలభై ఏళ్ల తర్వాత కూడా మాట్లాడుకోని మాట. అంతర్యుద్ధంలో ఎవరిది ఏ పక్షమో కూడా అంతే. మా వార్షిక సంచికలో ఒకసారి ఇలాంటి వ్యాసం దాదాపు అచ్చుకి వెళ్లింది. రాసినాయన పరిశోధన తప్పేమీ లేదు. కానీ ఆ రెండు కుటుంబాలూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి, ఒకరి ట్రాక్టర్ ఇంకొకరికి అరువు వెళ్తుంది. పేర్లు తీసేసి వెయ్యమన్నవాళ్లలో నేనూ ఉన్నాను. వ్యాసకర్త నొచ్చుకుని సంఘం మానేశారు. మేం చేసింది తప్పు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల వాదనలోనూ పస ఉంది.

ఇవన్నీ మామూలు మనుషులు చేసే పనులే. మా కౌంటీలో కేజా ఫీల్డ్స్ ఉంది. బెల్డెరిగ్ బడిపంతులు పాట్రిక్ కాల్‌ఫీల్డ్ 1930ల్లో టర్ఫ్ కోస్తుంటే అడుగున వరసగా పేర్చిన రాళ్లు తగిలాయి. బాగ్ పెరగకముందే ఎవరో కట్టారంటే ఎంత పాతవో అని ఆయన నేషనల్ మ్యూజియమ్‌కి ఉత్తరం రాశాడు. తర్వాత ఆయన కొడుకు షేమస్ పురాతత్వవేత్త అయి, బాగ్ కింద కొత్త రాతియుగం నాటి పొలాల గట్లని మైళ్ల కొద్దీ తేల్చాడు. మీ కౌంటీలోని స్ట్రోక్స్‌టౌన్ సంగతీ అంతే. ఊళ్లో గ్యారేజీ యజమాని జిమ్ క్యాలరీ 1979లో లారీల వ్యాపారం పెంచుకుందామని అక్కడి దొర ఎస్టేటు కొన్నాడు. ఆఫీసు గదిలో పాత కాగితాలు తిరగేస్తుంటే, 1846లో క్లూనహీ రైతులు తిండి లేదని దొరకి పెట్టుకున్న అర్జీ చేతికొచ్చింది. దాంతో ఆ కాగితాలన్నీ కాపాడాలని పూనుకున్నాడు. 1994 నుంచి అక్కడ జాతీయ కరువు మ్యూజియం నడుస్తోంది. 1847లో ఆ ఎస్టేటు నుంచి ఓడెక్కించి కెనడా పంపిన 1,490 మంది గురించి అక్కడ చూడొచ్చు. సంఘంలో చేరకముందే ఒక ఆదివారం వెళ్లి రండి.

మీ కౌంటీతో మనకో చుట్టరికం కూడా ఉంది. 1919లో రవీంద్రుడు మదనపల్లెలో ఉన్నప్పుడు జనగణమన పాడి వినిపిస్తే, దానికి స్వరం రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ మీ రాస్‌కామన్‌లోని బాయిల్‌లో 1878లో పుట్టింది. ఆమె భర్త జేమ్స్ అప్పుడు మదనపల్లె కాలేజీ ప్రిన్సిపాల్. ఎప్పుడైనా మిమ్మల్ని ఓ పది నిమిషాలు మాట్లాడమంటే ఈ సంగతి చెప్పండి. నేను మా సంఘంలో చెప్పినప్పుడు, బాయిల్ నుంచి వచ్చిన ఒకావిడకి ఆమె పేరు తెలుసు గానీ మదనపల్లె ఎక్కడుందో తెలియదు. ఫోన్లో మ్యాప్ తీసి చూపించాను.

చందా ఏడాదికి పది ఇరవై యూరోలు ఉంటుంది, మా దగ్గర పదిహేను. సెప్టెంబరు నుంచి మే దాకా నెలకో సాయంత్రం, ఒక ఉపన్యాసం, తర్వాత టీ. ఆగస్టులో హెరిటేజ్ వీక్, అప్పుడు మాత్రం కుర్చీలు మోసే చేతులు కావాలి. ఎండాకాలంలో అమెరికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి ముత్తాత పేరు ఒక్కటి పట్టుకుని వచ్చేవాళ్లుంటారు. ఇంటిపేరు చెబితే అదే పేరువాళ్లు నలభై మంది తేలతారు, అందుకే టౌన్‌ల్యాండ్ ఏదో ముందు అడగాలి. క్రిస్మస్‌కి ముందు సంచిక వేస్తారు, పైదేశాల నుంచి పిల్లలు ఇంటికొస్తారు గనక అమ్ముడవుతుంది. కమిటీలో గొడవలుంటాయి, అన్ని కమిటీల్లాగే. మొదటి ఏడాది ఏ పదవీ ఒప్పుకోకండి. ముఖ్యంగా కోశాధికారి పదవి, అది ఒకసారి పుచ్చుకుంటే జీవితాంతం వదలదు.

వెళ్లేముందు మీ ఇల్లున్న టౌన్‌ల్యాండ్ పేరు ఆ పాత పటంలో చూసి కాగితం మీద రాసుకోండి. ఎలా పలకాలో మాత్రం ఇంటర్నెట్లో వినకండి, ఆ పక్కింటావిణ్ణే అడగండి.